రాయనివ్వని డ్రైవ్



లాప్‌టాప్‌లో విండోస్‌ని అలాగే ఉంచి, పక్కనే ఉబుంటు లినక్స్ వేసుకునే విద్యార్థులు ప్రతి ఇంజనీరింగ్ కాలేజీలోనూ కనిపిస్తారు. ఇన్‌స్టలేషన్ సాఫీగా అయిపోతుంది. వైఫై పట్టేస్తుంది. తెలుగు అక్షరాలు కూడా విరగకుండా కనిపిస్తాయి. అప్పుడు పాత డి డ్రైవ్ తెరుస్తారు. సినిమాలు, ప్రాజెక్టు ఫైళ్ళు, అక్క పెళ్ళి ఫోటోలు అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. పాట నొక్కితే మోగుతుంది, పీడీఎఫ్ తెరుచుకుంటుంది. కొత్త ఫోల్డర్ చేద్దామని రైట్ క్లిక్ కొడితే మాత్రం ‘న్యూ ఫోల్డర్’ అన్న మాట బూడిదరంగుకి తిరిగి ఉంటుంది, ఎంత నొక్కినా పలకదు. డిస్కు తమదే, ఫైళ్ళూ తమవే, అందులో ఒక్క అక్షరం రాయడానికి మాత్రం వీల్లేదు.

ఇలాంటప్పుడు సీనియర్ ఎవరో వచ్చి చెప్పే చిట్కా ఎక్కడైనా ఒకటే. టెర్మినల్ తెరువు, సుడో చ్‌మాడ్, మైనస్ కేపిటల్ ఆర్, ఏడు ఏడు ఏడు, ఆ పక్కన డ్రైవ్ ఉన్న చోటు రాసి ఎంటర్ కొట్టు అంటారు. కొట్టిన వాళ్ళలో కొందరికి పని అవుతుంది. కొందరికి చీమ కుట్టినట్టయినా ఉండదు. ఇంకొందరికి పని అయినట్టే ఉండి, కొన్నాళ్ళకు మరేదో చెడిపోతుంది. అందరూ కొట్టింది ఒకే కమాండ్, వాళ్ళ డ్రైవులకు వచ్చిన చిక్కు మాత్రం ఒకటి కాదు. లినక్స్‌లో ‘రాయనివ్వను’ అనే అధికారం ఒక్కరి చేతిలో లేదు. ఫోల్డర్ పర్మిషన్ అనొచ్చు, మౌంట్ చేసిన తీరు అనొచ్చు, ఫైల్ సిస్టమ్ అనొచ్చు, చివరికి డిస్కే అనొచ్చు. అడ్డుకున్నది ఎవరో తేలకుండా 777 కొట్టడం గుడ్డి పని.

ముందు ఆ మూడు ఏడుల సంగతి. చదవడానికి నాలుగు, రాయడానికి రెండు, నడపడానికి ఒకటి. మూడూ కలిపితే ఏడు. మొదటి ఏడు ఫైలు యజమానిది, రెండోది అతని గ్రూపుది, మూడోది మిగతా అందరిదీ. ఇది అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ తయారుచేసిన నాటి ఏర్పాటు. 1971 నవంబర్ 3 తేదీతో వచ్చిన యూనిక్స్ మొదటి మాన్యువల్లోనే పర్మిషన్లు మార్చే చ్‌మాడ్ ఉంది, యజమానిని మార్చే చోన్ కూడా ఉంది. అప్పటికింకా గ్రూపు అన్నది లేదు, యజమాని, ఇతరులు అని రెండే అంతరాలు. ఒకే మిషన్ని చాలామంది పంచుకునే రోజులవి కాబట్టి ఒకరి ఫైలు ఇంకొకరు చెరపకుండా ఈ కాపలా పెట్టారు. ఇవాళ ఒక్కరే వాడుకునే లాప్‌టాప్‌లోనూ ఆ కాపలా తన డ్యూటీ తాను చేస్తూనే ఉంది.

ఫోల్డర్ విషయంలో ‘రాయడం’ అంటే ఏమిటో చాలామంది పట్టించుకోరు. లినక్స్ దృష్టిలో ఫోల్డర్ అంటే పేర్ల జాబితా. కొత్త ఫైలు పెట్టడం, ఉన్నది తీసేయడం, పేరు మార్చడం, ఇవన్నీ ఆ జాబితాలో రాయడమే. అందువల్ల ఫైలు మీద రాసే పర్మిషన్ లేకపోయినా, అది ఉన్న ఫోల్డర్ మీద ఉంటే ఆ ఫైలుని చెరిపేయొచ్చు. ఫైలు మీద సర్వహక్కులూ ఉండి ఫోల్డర్ మీద లేకపోతే, పక్కన ఇంకో ఫైలు పెట్టడానికి కుదరదు. ఫోల్డర్లోకి అడుగు పెట్టాలంటే నడిపే పర్మిషన్ కూడా ఉండాలి. అందుకే ఫోల్డర్‌కి ఆరు ఇచ్చి, ఏడు ఎందుకులే అనుకున్నవాళ్ళు వాకిట్లోనే ఆగిపోతారు.

ఇక మౌంట్ సంగతి. విండోస్‌లో ప్రతి పార్టిషన్‌కీ ఒక అక్షరం ఉంటుంది, సి అని, డి అని. లినక్స్‌లో అక్షరాలు లేవు. స్లాష్ అనే ఒక్క మొదలు నుంచి ఫోల్డర్లన్నీ కొమ్మల్లా విడిపోతాయి. కొత్త పార్టిషన్ని ఆ కొమ్మల్లో ఏదో ఒక ఫోల్డర్ దగ్గర తగిలిస్తారు. దాన్నే మౌంట్ చేయడం అంటారు. ఇది గోడకున్న పాత కేలండర్ మీద కొత్త కేలండర్ తగిలించడం లాంటిది. కింద పాతది ఉంటుంది కానీ కనపడదు, దాని మీద పెన్నుతో ఏం రాసుకున్నా పైకి తెలియదు.

సరిగ్గా ఇక్కడే చాలామంది తికమక పడతారు. ఎంఎన్‌టీ అనే ఫోల్డర్ కింద డేటా అని ఒక ఫోల్డర్ చేస్తారు. చోన్ కొట్టి దాన్ని తమ పేరు మీదికి మార్చుకుంటారు. ఎల్‌ఎస్ మైనస్ ఎల్‌డీ కొట్టి చూస్తే యజమాని స్థానంలో తమ పేరే ఉంటుంది. సంతోషించి, ఎక్స్‌టీ4 అనే లినక్స్ ఫైల్ సిస్టమ్ ఉన్న పార్టిషన్ని అక్కడ మౌంట్ చేస్తారు. మళ్ళీ అదే ఎల్‌ఎస్ కొడితే యజమాని రూట్ అనే సర్వాధికార యూజర్, గ్రూపు కూడా రూట్. కంప్యూటర్ మాట తప్పలేదు. ఇందాక పేరు మార్చింది అడుగున ఉన్న ఖాళీ ఫోల్డర్‌ది, ఇప్పుడు కనిపిస్తున్నది పార్టిషన్ లోపలి మొదటి ఫోల్డర్. చోన్ కొట్టాల్సింది మౌంట్ చేశాక. ఒక్కసారి కొడితే చాలు, ఎక్స్‌టీ4 ఆ సంగతిని తన డిస్కు మీదే రాసుకుంటుంది. రీబూట్ చేసినా, ఇంకో మిషన్‌కి తగిలించినా అది చెరిగిపోదు.

అది రాసుకునేది పేరు కాదు, అంకె. ఉబుంటు, డెబియన్ రకాల లినక్స్‌లో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పుట్టిన మొదటి యూజర్ నంబరు 1000. తర్వాత చేరినవాళ్ళకు 1001, 1002. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్‌లో ఆరో వెర్షన్ దాకా ఈ లెక్క 500 నుంచి మొదలయ్యేది. పాత ఆఫీసు సర్వర్లోంచి ఊడదీసిన డిస్కుని కొత్త మిషన్‌కి తగిలిస్తే, యజమాని స్థానంలో పేరు బదులు 500 అని మాత్రమే కనపడటానికి కారణం అదే. అలాగే ఇద్దరు అన్నదమ్ములు చెరో లాప్‌టాప్‌లో ఉబుంటు వేసుకుంటే ఇద్దరి నంబరూ 1000 అవుతుంది. అన్న డిస్కు తమ్ముడి లాప్‌టాప్‌కి తగిలిస్తే ఫైళ్ళన్నీ తమ్ముడి పేరు మీద కనిపిస్తాయి. దొంగతనం ఏమీ లేదు, అంకె ఒకటే అయింది.

కాబట్టి డ్రైవ్ మొరాయించినప్పుడు మొట్టమొదట చదవాల్సింది అది చెప్పిన మాట. ఫైల్ మేనేజర్ నాలుగు ముక్కలు చెప్పి ఊరుకుంటుంది కనుక టెర్మినల్లోకి వెళ్ళి, డ్రైవ్‌లో టచ్ కమాండ్‌తో ఒక ఖాళీ ఫైలు చేయబోతే అసలు జవాబు వస్తుంది. ‘పర్మిషన్ డినైడ్’ అంటే యజమాని, గ్రూపు, ఏడుల లెక్క తేడా. ‘రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్’ అంటే ఆ లెక్కతో నిమిత్తమే లేదు, పార్టిషన్ మొత్తం చదవడానికి మాత్రమే తగిలించి ఉంది. అప్పుడు రూట్ వచ్చి అడిగినా జవాబు మారదు. ‘ఆపరేషన్ నాట్ పర్మిటెడ్’ అని చోన్ కొట్టినప్పుడు వస్తే, రూట్ అధికారంతో నడిపే సుడో పెట్టినా అదే వస్తే, ఆ ఫైల్ సిస్టమ్‌కి యజమాని అన్న ఊహే లేకపోయి ఉండొచ్చు.

‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’ అన్నది ఇంకోటి. ఎక్స్‌టీ4 పార్టిషన్ చేసేటప్పుడు అందులో ఐదు శాతం చోటుని రూట్ కోసం అట్టే పెడతారు. ఒక టెరాబైట్ డిస్కులో అది దాదాపు 50 జీబీ. సిస్టమ్ ఉన్న పార్టిషన్‌కి అది మంచిదే, నిండిపోయినా మిషన్ లేచి నిలబడుతుంది. కేవలం సినిమాలు, ఫోటోలు దాచుకునే పార్టిషన్‌కి మాత్రం అది దండగ. రూట్ రాయగలదు, మామూలు యూజర్ రాయలేడు కనుక ఇది పర్మిషన్ గొడవలాగే కనిపిస్తుంది. ట్యూన్2ఎఫ్‌ఎస్ అనే కమాండ్‌కి మైనస్ ఎం, సున్నా అని ఇస్తే ఆ చోటు విడుదలవుతుంది.

ఫ్యాట్, ఎక్స్‌ఫ్యాట్ రకాలతో వ్యవహారం పూర్తిగా వేరు. ఫ్యాట్ 1977లో మైక్రోసాఫ్ట్‌లో పుట్టింది. మిషన్‌కి ఒక్కరే కూర్చునే కాలం కోసం చేసింది కాబట్టి అందులో యజమాని పేరు రాసుకునే గడి లేదు. పెన్‌డ్రైవులు, కెమెరా కార్డులు చాలావరకు ఇప్పటికీ ఈ కుటుంబానివే. లినక్స్‌కి మాత్రం ప్రతి ఫైలుకీ యజమాని కావాలి. అందుకని మౌంట్ చేసేటప్పుడు ఒక కల్పిత యజమానిని నిలబెడుతుంది. యజమాని ఎవరో చెప్పకుండా రూట్ మౌంట్ చేస్తే ఆ యజమాని రూటే అవుతుంది, మామూలు యూజర్‌కి రాత బంద్. అక్కడ ఎన్నిసార్లు చ్‌మాడ్ 777 కొట్టినా ఫలితం లేదు. విచిత్రం ఏమిటంటే తప్పు జరిగిందని కూడా చెప్పదు, పని చేసినట్టే ఊరుకుంటుంది. ఇందాక చీమ కుట్టినట్టయినా లేదన్నది వీళ్ళకే.

దీనికి మందు మౌంట్ చేసే ఘడియలోనే ఉంది. ఫైల్ మేనేజర్‌లో డ్రైవ్ బొమ్మ మీద నొక్కి తెరిచినవాళ్ళకు ఈ బాధ రాదు, నొక్కిన మనిషినే యజమానిగా పెట్టి మీడియా ఫోల్డర్ కింద మౌంట్ చేస్తుంది. బూట్ అవగానే డ్రైవ్ దానంతటదే తగులుకోవాలని కోరుకునేవాళ్ళు మాత్రం ఈటీసీ ఫోల్డర్‌లోని ఎఫ్‌స్టాబ్ అనే ఫైల్లో ఒక వరుస రాసుకోవాలి. ఆ వరుసలో ఆరు గడులు. పార్టిషన్ గుర్తు, తగిలించే చోటు, ఫైల్ సిస్టమ్ రకం, ఆప్షన్లు, ఆపైన రెండు అంకెలు. పార్టిషన్ గుర్తుగా ఎస్‌డీఏ5, ఎస్‌డీబీ1 లాంటివి రాస్తే ఇంకో డిస్కు పెట్టిన రోజున ఆ పేర్లు తారుమారు అవ్వొచ్చు. బీఎల్‌కేఐడీ అనే కమాండ్ ఇచ్చే యూయూఐడీ రాయడమే పద్ధతి.

ప్రాణమంతా నాలుగో గడిలో ఉంది. యూఐడీ ఈజ్ ఈక్వల్ టు 1000, కామా, జీఐడీ ఈజ్ ఈక్వల్ టు 1000, కామా, యుమాస్క్ ఈజ్ ఈక్వల్ టు 022. మధ్యలో స్పేస్ పడకూడదు, పడితే గడులు జరిగిపోతాయి. యుమాస్క్ ఇచ్చే అంకె కాదు, తీసేసే అంకె. ఏడు ఏడు ఏడులోంచి 022 తీస్తే 755 మిగులుతుంది. యజమానికి అన్నీ, మిగతావాళ్ళకు చూసే భాగ్యం. యుమాస్క్ ఫైళ్ళకీ ఫోల్డర్లకీ ఒకేలా పడుతుంది కనుక ప్రతి ఫోటో, ప్రతి పాట నడపదగిన ప్రోగ్రామ్‌లా కనిపిస్తుంది. అది నచ్చనివాళ్ళు ఫోల్డర్లకు డీమాస్క్ 022, ఫైళ్ళకు ఎఫ్‌మాస్క్ 133 అని విడివిడిగా ఇచ్చుకోవచ్చు. బయటి డిస్కు అయితే నోఫెయిల్ అన్న మాట కూడా చేర్చాలి. లేకపోతే డిస్కు పెట్టని రోజున బూట్ మధ్యలో ఆగి, ఎమర్జెన్సీ మోడ్ అని నల్లటి తెర ఎదురవుతుంది. పరీక్షకు ముందురోజు రాత్రి ఆ తెర చూసినవాళ్ళు మళ్ళీ లినక్స్ జోలికి రారు.

ఈ ఆప్షన్లు అప్పటికే మౌంట్ అయి ఉన్న డ్రైవ్‌కి అంటవు, ఒకసారి అన్‌మౌంట్ చేసి మళ్ళీ చేయాలి. ఎఫ్‌స్టాబ్ సేవ్ చేశాక వెంటనే రీబూట్ కొట్టకుండా సుడో మౌంట్ మైనస్ ఏ కొట్టి చూస్తే, తప్పేదైనా ఉంటే మిషన్ బతికుండగానే బయటపడుతుంది. ఈ యూఐడీ, జీఐడీ, మాస్క్ ఆప్షన్లను ఎక్స్‌టీ4 వరుసలో రాస్తే మాత్రం అది ఒప్పుకోదు. దానికి సొంత యజమానులు ఉన్నారు, అరువు యజమాని అక్కర్లేదు.

విండోస్ డ్రైవులు వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ కథ ఇంకా పొడుగు. ఇది 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చింది. దీని లోపలి వివరాలు మైక్రోసాఫ్ట్ బయటపెట్టలేదు కనుక లినక్స్ వాళ్ళు చాలాకాలం దీన్ని చదవడంతోనే సరిపెట్టుకున్నారు. 2007లో ఎన్‌టీఎఫ్‌ఎస్ 3జీ అనే డ్రైవర్ స్థిరమైన వెర్షన్‌గా విడుదలయ్యాక రాయడం భరోసాగా సాగింది. 2021లో వచ్చిన లినక్స్ కెర్నల్ 5.15లో పారగాన్ అనే కంపెనీ ఇచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్3 డ్రైవర్ చేరింది. ఇన్ని జరిగాక కూడా డి డ్రైవ్ రాయనివ్వడం లేదంటే, నూటికి తొంభై అనలేం గానీ ఎక్కువసార్లు దోషి లినక్స్ కాదు. విండోసే.

విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం వచ్చింది. షట్‌డౌన్ నొక్కితే విండోస్ పూర్తిగా ఆగదు. తన కెర్నల్ పరిస్థితినంతా హైబర్‌ఫిల్ అనే ఫైల్లోకి దింపి పడుకుంటుంది, మర్నాడు త్వరగా లేవడానికి. ఆ నిద్రలో డ్రైవులు ఇంకా తన చేతిలోనే ఉన్నాయనుకుంటుంది, వాటి లెక్కలు కొన్ని జ్ఞాపకంలోనే పెట్టుకుంటుంది. అదే సమయంలో ఉబుంటులో బూట్ అయ్యి డి డ్రైవ్‌లో ఏదైనా రాస్తే, విండోస్ లేచాక పాత లెక్క ప్రకారం దాని మీదే రాసేస్తుంది. ఫైళ్ళు గల్లంతవుతాయి. అందుకని ఎన్‌టీఎఫ్‌ఎస్ 3జీ అలాంటి డ్రైవ్‌ని చదవడానికి మాత్రమే మౌంట్ చేస్తుంది, విండోస్‌ని పూర్తిగా షట్‌డౌన్ చేసి రమ్మని చెబుతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్3 డ్రైవర్ ఇంకా కఠినం, డ్రైవ్ మీద ‘డర్టీ’ అన్న గుర్తు ఉంటే మౌంటే చేయనంటుంది. జనం దీన్ని లినక్స్ మొండితనం అనుకుంటారు. నిజానికి అది వాళ్ళ ఫైళ్ళను కాపాడుతోంది.

ఇందులో ఒక తమాషా ఉంది. షట్‌డౌన్ కొడితే విండోస్ సగమే ఆగుతుంది, రీస్టార్ట్ కొడితే పూర్తిగా ఆగి లేస్తుంది. అందుకే విండోస్ నుంచి రీస్టార్ట్ కొట్టి ఉబుంటులోకి వచ్చిన రోజు డ్రైవ్ బుద్ధిగా ఉంటుంది, షట్‌డౌన్ చేసి మర్నాడు వచ్చిన రోజు మొరాయిస్తుంది. నిన్న పనిచేసింది ఇవాళ ఎందుకు చేయదని తల పట్టుకునేవాళ్ళలో చాలామంది దీని బాధితులే. విండోస్‌లోకి వెళ్ళి, అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ, స్లాష్ హెచ్, ఆఫ్ అని కొడితే ఈ బెడద వదులుతుంది. దాంతో పాటు హైబర్నేట్ సౌకర్యం కూడా పోతుంది, ఆ సంగతి తెలిసి కొట్టాలి. లినక్స్ వైపు నుంచి ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ అనే పరికరం ఉంది. అది పైపై మరమ్మతులు చేసి, విండోస్ చెక్‌డిస్క్ నడపాలని గుర్తు పెట్టి వదిలేస్తుంది. దాన్ని చెక్‌డిస్క్‌తో సమానం అనుకోకూడదు.

కొన్నిసార్లు నిన్నటి దాకా బాగా రాసిన ఎక్స్‌టీ4 పార్టిషన్ పని మధ్యలో హఠాత్తుగా రీడ్ ఓన్లీ అయిపోతుంది. డెబియన్ ఇన్‌స్టాలర్, ఉబుంటు పాత ఇన్‌స్టాలర్ ఎఫ్‌స్టాబ్‌లో రూట్ పార్టిషన్‌కి, లోపం కనపడితే రాయడం ఆపేయమని ముందే రాసి పెడతాయి. డీఎంఈఎస్‌జీ అనే కమాండ్ కొడితే కెర్నల్ డైరీ కనిపిస్తుంది. అందులో ఐఓ ఎర్రర్ అని వరుసగా వస్తుంటే అది పర్మిషన్ కాదు, డిస్కుకి ఆయువు మూడుతోంది. ఆ స్థితిలో రీమౌంట్ చేసి రాయడానికి పట్టుబట్టడం కన్నా, చదవగలిగినంత సేపు ఫైళ్ళు ఇంకో చోటికి తీసుకోవడం తెలివి. కెమెరా ఎస్‌డీ కార్డు అయితే ఇంత దూరం వెళ్ళే ముందు పక్కనున్న బుల్లి లాక్ మీట కిందికి జారిందేమో చూడాలి. కార్డ్ రీడర్ ఆ మీట చూసే రాతను ఆపుతుంది.

తెలుగులో ఫైళ్ళకు పేర్లు పెట్టేవాళ్ళకు ఇంకో అడ్డంకి ఉంది. ఎక్స్‌టీ4లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. యూటీఎఫ్ 8లో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగులో ప్రతి గుర్తుకీ మూడు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరంలో ఆరు గుర్తులున్నాయి, అంటే 18 బైట్లు. మొత్తం మీద 85 గుర్తులతో సరి. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఆ హద్దు 255 గుర్తులు. అక్కడ హాయిగా ఉన్న ‘అన్నమయ్య సంకీర్తన, ఫలానా రాగం, ఫలానా వారి కచేరీ’ తరహాలో 85 గుర్తులు దాటిన పొడుగు పేరు ఎక్స్‌టీ4లోకి కాపీ అవబోయి ఆగిపోతే, పర్మిషన్లు వెతకకుండా పేరు కుదించాలి.

ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఒకే డ్రైవ్‌లో రాయాలంటే 777 తప్పదనేవాళ్ళున్నారు. అక్కర్లేదు. ఒక గ్రూపు పెట్టి అందరినీ అందులో చేర్చి, ఫోల్డర్‌కి ఆ గ్రూపు పేరిచ్చి, 2775 అని చ్‌మాడ్ కొడితే చాలు. ముందున్న ఆ రెండు వల్ల లోపల పుట్టే ప్రతి ఫైలుకీ అదే గ్రూపు వస్తుంది. కొత్త ఫైళ్ళలో అందరూ రాయాలంటే వాళ్ళ యుమాస్క్ 002 ఉండాలి. గ్రూపులో చేర్చేటప్పుడు యూజర్‌మాడ్ కమాండ్‌లో చిన్న ఏ మర్చిపోకూడదు. మర్చిపోతే ఆ యూజర్ని మిగతా గ్రూపుల్లోంచి తీసేస్తుంది, సుడో గ్రూపుతో సహా. చేర్చాక లాగవుట్ అయ్యి మళ్ళీ లాగిన్ అయితే గానీ అమలుకి రాదు.

సుడోతో ఫైల్ మేనేజర్ తెరిచి కాపీ చేసుకునే అలవాటు కూడా మానుకోవాలి. అలా పెట్టిన ప్రతి ఫైలూ రూట్ పేరు మీద పడుతుంది, రేపు మళ్ళీ అదే గొడవ.

చివరగా ఆ ఏడుల కమాండ్ తెచ్చే నిజమైన ప్రమాదం. సొంత హోమ్ ఫోల్డర్ మొత్తానికి 777 కొట్టినవాళ్ళకు మర్నాడు, వేరే మిషన్‌లోకి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ పనిచేయదు. ప్రైవేట్ కీ ఫైలు అందరికీ తెరిచి ఉంటే దాన్ని వాడనని ఎస్‌ఎస్‌హెచ్ ఖరాఖండిగా చెబుతుంది. అంతకన్నా పెద్దది ఇంకోటి. స్లాష్ ఎంఎన్‌టీ స్లాష్ డేటా అని కొట్టబోయి మొదటి స్లాష్ తర్వాత వేలు జారి ఒక్క స్పేస్ పడిందంటే, కమాండ్ సిస్టమ్ మొత్తానికి వర్తిస్తుంది. ఆర్‌ఎం కమాండ్ అయితే రూట్ ఫోల్డర్‌ని చెరపనని ఎదురు చెబుతుంది. చ్‌మాడ్‌కి ఆ కట్టుబాటు దానంతటదిగా లేదు. సుడో ప్రోగ్రామ్ మీద, నడిపేవాళ్ళకు దాని యజమాని అధికారమిచ్చే సెట్‌యూఐడీ అనే గుర్తు ఉంటుంది, డెన్నిస్ రిచీ పేరు మీద 1979లో పేటెంట్ వచ్చింది దీనికే. 777తో ఆ గుర్తు తుడుచుకుపోతుంది. ఆ తర్వాత చేసిన తప్పు దిద్దుకుందామని సుడో కొడితే సుడోనే పనిచేయనంటుంది. అలా పాడైన సిస్టమ్‌లో ఏ ఫైలుకి ఏ పర్మిషన్ ఉండేదో ఒక్కొక్కటీ వెతికి సరిచేయడం కన్నా, ఫైళ్ళు కాపీ చేసుకుని మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకోవడమే త్వరగా తేలే పని.